సాల్మన్‌గారి తర్జుమా

తాడేపల్లిగూడెంలో లైన్‌మన్‌గా చేసి రిటైరైన సాల్మన్‌గారిని కరెంటు సంగతి అడిగితే విసుక్కుంటారు. తర్జుమా సంగతి అడిగారా, కుర్చీ వేసి టీ ఇప్పించి మరీ చెప్తారు. పాతికేళ్ల కిందట మా పేట చర్చికి ఓ తెల్లదొర వచ్చి ప్రసంగం చేస్తే, పక్కన నిలబడి దాన్ని తెలుగులో చెప్పింది ఆయనే. ఆ రోజు చర్చి చర్చంతా ఏడ్చింది. తాగొచ్చి వెనక స్తంభానికి ఆనుకున్న ఏసోబైతే ఆ స్తంభాన్నే కావలించుకుని ఏడ్చాడు.

అసలు సంగతేమిటంటే, దొర మాటల్లో సాల్మన్‌గారికి అందినవి పదో పన్నెండో. మిగతాదంతా సొంత సరుకు. ఇంకోసారి చెప్పండి అని నలుగురిలో అడిగితే పరువేం కావాలి? ఈ గుట్టు భార్య పెర్సిస్‌కి కూడా ఆయన చెప్పలేదు.

ఆ తరవాత ఏ దొరా రాలేదు పాపం. చివరికి రెండేళ్ల కిందట చికొండి వచ్చాడు. ఆఫ్రికాలో మలావీ దేశం నుంచి, గూడెం దగ్గర యూనివర్సిటీలో వ్యవసాయం చదవడానికి వచ్చిన కుర్రాడు. ఆరడుగుల మనిషి, మా పేట నోట్లో పడి వారంలోగా చిన్నకొండ అయిపోయాడు. బస్సెక్కితే సెల్ఫీలు అడిగేవాళ్లు. మెస్సులో గోంగూర పచ్చడికి కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. వాళ్లమ్మతో మాట్లాడాలంటే సిగ్నల్ కోసం హాస్టల్ మేడెక్కేవాడు. ఆదివారం మాత్రం తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని చర్చికొచ్చి వెనక కూర్చునేవాడు. కూర్చోనిస్తేగా? పరదేశం నుంచి వచ్చినవాడు ప్రసంగం చెయ్యడానికి కాక ఊరికే వచ్చాడంటే మా పేటలో ఎవరూ నమ్మరు. శాలువా కప్పి, రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చేవారు. సాల్మన్‌గారు పాత కోటు తొడుక్కుని పక్కన నిలబడేవారు. మా ఊళ్లో వానలు తక్కువ అని కుర్రాడంటే, ఈయన దీవెనల వాన కురిపించేవారు.

మే నెల మొదటి ఆదివారం చికొండి మామూలు కన్నా ఎక్కువసేపు మాట్లాడాడు. సాల్మన్‌గారికి రూమ్ అన్న ముక్క ఒక్కటే చిక్కింది. ఇంకేం కావాలి? పరలోకంలో మనకోసం సిద్ధంగా ఉన్న గదుల గురించి, వాటి తలుపులూ కిటికీలతో సహా ఇరవై నిమిషాలు చెప్పారు. జనం ఆమెన్ అన్నారు. చికొండి అందరికీ చెయ్యి కలిపి, తలొంచుకుని వెళ్లిపోయాడు.

గురువారం పొద్దున, కలిదిండి నుంచి బావమరిది పంపిన చేపల పెట్టె కోసం సాల్మన్‌గారు బస్టాండుకి వెళ్లారు. అక్కడ బెంచీ మీద రెండు సూట్‌కేసులూ ఒక బకెట్టూ పెట్టుకుని చికొండి కూర్చున్నాడు.

"వాట్, హియర్?" అన్నారు సాల్మన్‌గారు.

"సెలవులకి హాస్టల్ మూసేశారండి," అన్నాడు చికొండి. "నెలా పదిహేను రోజులండి. విమానం టిక్కెట్టు నా వల్ల కాదండి. హైదరాబాదులో మా దేశంవాళ్లు ఒక్క గదిలో తొమ్మిదిమంది ఉన్నారు, అక్కడికే వెళ్తున్నానండి. పదోవాణ్ణి నేనండి."

సాల్మన్‌గారు బెంచీ మీద కూలబడ్డారు. "నీకు తెలుగొచ్చా బాబూ?"

"మెస్సులో వడ్డించే సత్యవతిగారు నేర్పారండి. పేటలో మాత్రం అందరూ నాతో ఇంగ్లీషే మాట్లాడతారండి."

"అయితే ఆదివారం నేను చెప్పిందీ..."

"అర్థమైందండి. సెలవులకి ఎవరైనా గది ఇస్తారా అని అడిగానండి. మీరు పరలోకంలో ఇప్పించారు."

"మరి తెలుగులో చెప్పెయ్యకపోయావా?"

"అంతమందిలో పెద్దవారిని తప్పు పట్టకూడదండి. మా అమ్మ వింటే ఊరుకోదు."

సాల్మన్‌గారికి తల కొట్టేసినట్టయింది. ఒక్క మాటంటే దొరికే గదిని, తన కోటు పరువు కోసం ఈ పరాయి బిడ్డ వదులుకున్నాడు. ఆయనకి ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని, "లే, ఇంటికి పోదాం" అని సూట్‌కేసు అందుకున్నారు.

శాలువాలూ, కోటూ, దొరతో దిగిన ఫొటో పెట్టుకున్న చిన్నగది చికొండికి ఖాళీ చేసి ఇచ్చారు. ఎందుకని పెర్సిస్ అడిగితే దాచకుండా అంతా చెప్పేశారు. ఆవిడ చేపలు తోముతూ విని, "పాతికేళ్లు ఆ కోటు నేను ఇస్త్రీ చేశాను" అని మాత్రం అంది. ఆ పూట పులుసులో తల ముక్క చికొండికి వెళ్లింది, సాల్మన్‌గారికి తోక మిగిలింది.

ఆదివారం పాస్టరుగారు మళ్లీ చికొండిని పిలిచారు. వాడు ఇంగ్లీషులోనే మొదలుపెట్టి, ఆగి, మీ వంతన్నట్టు సాల్మన్‌గారి వంక చూశాడు. ఈసారి ఆయన ఒంటిమీద కోటు లేదు.

"నాకీ అబ్బాయి ఇంగ్లీషు అర్థం కాదండి," అన్నారు. "పోయినవారం వీడడిగింది సెలవుల్లో తలదాచుకోడానికి గది. నేను చెప్పింది నా సొంతం. వీడికి తెలుగొచ్చు, ఇకనుంచి వీడే చెప్తాడు."

ఆడవాళ్ల వైపు నుంచి ఏసోబు తల్లి, ఎనభయ్యేళ్ల సూరమ్మ మెల్లగా లేచింది.

"అయితే సాల్మనూ, ఆనాడు దొరగారు చెప్పినవి కూడా నీ మాటలేనా?"

"అవును పిన్నీ."

సూరమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. ఏసోబు అల్లంత దూరాన గేటు దగ్గర అందరి చెప్పులూ వరస పెడుతున్నాడు. ఆ స్తంభం పట్టుకుని ఏడ్చిన రోజు తరవాత వాడు మళ్లీ సీసా ముట్టలేదు.

"పోనీలే," అంది సూరమ్మ. "వాడికి మాత్రం చెప్పకు."