సూదికి ముందు అడగని మాట

బ్యూలా నోరు తెరిస్తే నియమమే అని సంగారెడ్డి స్కాన్ సెంటర్‌లో అందరూ ఆడిపోసుకునేవారు. ఒంట్లో క్యాన్సర్ ఎక్కడెక్కడ పాకిందో తల నుంచి తొడల దాకా చూపించే పెట్-సీటీ గదిలో ఆమె టెక్నీషియన్. ఆరు గంటలు పస్తుండాలి. చక్కెరలాంటి మందును సూదితో ఎక్కించాక గంటసేపు కదలకూడదు, పెదవి విప్పకూడదు. ఏ కండరం పనిచేస్తే అదే ఆ మందును లాగేసుకుని, స్కానులో క్యాన్సర్ గడ్డలాగే వెలుగుతుంది మరి. ప్రతిసారీ ఒకే పద్ధతి పాటించకపోతే పాత స్కానుకూ కొత్త స్కానుకూ పొంతన కుదరదు. ఎవరు బతిమాలినా ఆమె వినేది కాదు. మహా మొండి మనిషి!

అంతటి మొండిదీ కన్నతండ్రి దగ్గర మెత్తబడింది. పౌలు పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు బాయిలర్ దగ్గర పనిచేశాడు. ఆదివారం వస్తే కొండాపూర్ చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. మెడలో గడ్డలు లేచాయి, క్యాన్సర్ అన్నారు. నాలుగు కీమోలయ్యాక మందు పనిచేస్తోందో లేదో తేల్చడానికి స్కాన్ పెట్టారు. సూది వేశాక ఆయన కళ్లు మూసుకుని సన్నగా పాడుకుంటుంటే, ప్రార్థన కదా, ఎలా ఆపేది అని ఊరుకుంది బ్యూలా.

స్కానులో గొంతంతా వెలిగిపోయింది. డాక్టర్ మధుబాబు తల పట్టుకున్నాడు.

"ఇది రోగమా, పాటనా? ఎట్ల చెప్పాలె బ్యూలా? నువ్వే గిట్ల జేస్తే ఎట్ల?"

సిగ్గుతో ఆమెకు తల కొట్టేసినట్లయింది.

వారం తర్వాత మళ్లీ తీశారు. ఈసారి ఆమె అద్దం అవతల నిలబడి ఆయన మీంచి చూపు తిప్పలేదు. సూది వేసి పది నిమిషాలయిందో లేదో, పౌలు చెయ్యెత్తి ఏదో చెప్పబోయాడు. బ్యూలా మైకులో వారించింది.

"నాయినా, మాట్లాడకు. గంటసేపు ఓర్సుకో. అయినంక ఎంతన్న మాట్లాడుదువు."

ఆయన బుద్ధిగా తలూపాడు.

"స్కానంటే గిట్లుండాలె," అన్నాడు మధుబాబు. తర్వాత కీమోకు ముందు తీసిన స్కానును దాని పక్కన పెట్టి చూశాడు. మెడలో గడ్డలు పెరిగాయి, గొంతు చుట్టూ కొత్తవి పుట్టాయి. మందు పనిచేయలేదు. ఇప్పుడు అనుమానానికి తావే లేదు.

ఇంటికి పోతూ ఆటోలో అడిగింది.

"ఇందాక ఏం చెప్పబోయినవ్ నాయినా?"

"ఏం లేదు బిడ్డా. మీ అమ్మ మీద పెండ్లయిన కొత్తల ఒక పాట కట్టిన. ఎన్నడో మరిసిపోయిన. సూదికి ముంగటనే అంతా యాదికొచ్చింది, నీకు జెప్దామనుకున్న. ఇప్పుడు దమ్ము సాలుతలేదు. రేపు పాడుత తియ్."

తెల్లారేసరికి ఆయాసం. నాలుగు రోజుల్లో గడ్డలు ఒత్తి గొంతు పోయింది. కాగితమిస్తే చేతులు వణికి ఒక్క అక్షరం కుదరలేదు. నెల తిరక్కుండానే ఆయనా పోయాడు. అమ్మ సాయమ్మ పోయి అప్పటికే ఆరేళ్లు. ఆ పాట తెలిసినవాళ్లు ఇక ఎవరూ లేరు.

బ్యూలా ఇప్పటికీ ఆ గదిలోనే ఉంది. నియమం నియమమే, నిమిషం కూడా సడలించదు. కాకపోతే సూది చేతిలోకి తీసుకునే ముందు ప్రతి మనిషి పక్కనా స్టూలు వేసుకుని కూర్చుంటుంది.

"ఏమన్న చెప్పేదుంటే ఇప్పుడే చెప్పుర్రి. నేను వింట."

నాయినను మాత్రం ఆ రోజు అలా అడగలేదు.