ఎగరని విమానానికి స్తోత్రం

ఈ రోజు పొద్దున్న ఫ్లయింగ్ క్లబ్బులో, నేర్పించే సారు పక్కన లేకుండా మొదటిసారి ఒక్కదాన్నే చిన్న విమానం ఎగరేయాలి. రన్‌వే మీద వేగం అందుకోగానే అది ఎడమకి లాగింది. అలా లాగుతుందని, వెంటనే కుడి పెడల్ నొక్కాలని సారు ఎన్నోసార్లు చెప్పేరు. నేను బెదిరిపోయి ఆలస్యంగా నొక్కేను. విమానం రన్‌వే దాటి గడ్డిలోకి పోయి ఆగింది. నాకు గాని దానికి గాని దెబ్బ తగల్లేదు.

"విమానం పక్కకి పోయిందమ్మా" అని ఫోన్లో అమ్మకి చెప్పేను, అంతే. సాయంత్రం అనకాపల్లిలో బస్సు దిగేసరికి అమ్మ ఎదురొచ్చి నన్ను తిన్నగా చర్చికి తీసుకుపోయింది. పాస్టరుగారు నా తల మీద చెయ్యి పెట్టి, పాడైపోయిన విమానంలోంచి బిడ్డని కాపాడినందుకు దేవుడికి స్తోత్రం చెప్పేరు. అందరూ చప్పట్లు కొట్టేరు.

"అమ్మా, విమానం బాగానే ఉంది. తప్పు నాదే," అన్నాను అమ్మ చెవిలో.

"అయితే ఏటిప్పుడు? నెమ్మదిగా మాటాడు, అందరూ వింటన్నారు," అంది.

సిగ్గుతో తలొంచుకున్నాను. అది భక్తి అనుకుని పక్కనున్నావిడ కళ్ళు తుడుచుకుంది.

మీరైతే ఆ చప్పట్ల మధ్య లేచి నిజం చెప్పేవారా? నేను మాత్రం ఆమేన్ అన్నాను.