డీజిల్ చేతులతో ఆక్సిజన్ మోసిన రోజులు

సోమవారం ఉదయం ఎనిమిదింబావుకు బాగేపల్లిలో ఆస్పత్రి వెనక గేటు దగ్గర రిపోర్టు చేశాను. నా డీజిల్ పికప్ బండి, అందులో ఇరవై నిండు ఆక్సిజన్ సిలిండర్లు, రెండు తాళ్లు, ఒక టూల్‌బాక్సు. కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవి అది. సైన్యంలో పదిహేడేళ్లు బండ్లు నడిపి, బండ్లు బాగుచేసి, మండికల్‌కు తిరిగొచ్చి టమోటా క్రేట్లు మోసుకుంటున్న నాకు తాలూకా కచేరి నుంచి ఫోను వచ్చింది. డ్రైవర్లు భయపడి రావడం లేదన్నారు. మీరంతా నన్ను సరిహద్దు కథలు అడుగుతారు. పదిహేడేళ్ల సర్వీసులో పడని భయం నేను ఇక్కడ, మన ఊళ్ల మధ్య, ఇరవై ఆరు రోజుల్లో పడ్డాను.

ఆర్డర్లు చిన్నవి. ఆరింటికి చిక్కబళ్లాపురలో సిలిండర్లు నింపేచోట ఉండాలి. పన్నెండు బాగేపల్లిలో దించాలి. ఎనిమిది చేలూరు మీదుగా చింతామణికి. ఖాళీలు ఎత్తుకుని వెనక్కి. అవసరమైతే మధ్యాహ్నం మళ్లీ.

గ్యారేజీలన్నీ మూతబడ్డాయి. బండి పనంతా నేనే చూసుకోవాలి. చింతామణిలో స్పేర్‌పార్టుల అంగడాయన సగం షట్టరు ఎత్తి ఇంజనాయిలు డబ్బాలు, రెండు ఆయిల్ ఫిల్టర్లు, బ్రేక్ ఆయిలు ఇచ్చాడు. "డీజిల్ ఫిల్టరు మాత్రం ఒగటే మిగిలిండాదప్పా. ఇంగ ఎప్పుడొస్తాదో తెలీదు" అన్నాడు.

మొదటి ఆదివారం పొద్దున ఆయిలు మార్చాను. ఇంజను పది నిమిషాలు వేడి చేసి, కింద బోల్టు వదిలితే తారులాంటి ఆయిలు కోసిన డబ్బాలోకి దిగింది. రాగి వాషరు కొత్తది వేశాను. ఫిల్టరు చేత్తోనే బిగించాను. స్పానరు పెడితే తర్వాత ఊడి రాదు. కొత్త ఆయిలు పోసి, కొలకడ్డీ మీద రెండు గీతల మధ్య నిలిచేదాకా చూశాను. తర్వాత బట్టల సబ్బుతో మోచేతుల దాకా మూడుసార్లు కడుక్కుని, బట్టలు మార్చుకున్నాను.

ఆ కడుక్కోవడం శుభ్రం కోసం కాదు. మా వర్క్‌షాపు హవల్దారు చెప్పేవాడు, ఆయిలు, ఆక్సిజన్ సవతులు, ఒక చోట ఉండనీయొద్దని. సిలిండరు నోట్లోంచి ఆక్సిజన్ అంత ఒత్తిడితో దూకేటప్పుడు అక్కడ చిటికెడు నూనె మరక ఉన్నా చాలు. అగ్గిపుల్ల అక్కర్లేదు, తనంతట తానే అంటుకుంటుంది. మొదటి రోజే ఆస్పత్రి వాళ్లందరినీ నిలబెట్టి ఇది చెప్పాను. గట్టిగా చెప్పాను, నా అలవాటు కొద్దీ.

పదకొండో రోజు తెల్లవారి డీజిల్ ఫిల్టరు అడుగున స్క్రూ వదిలి చూస్తే నీళ్లు వచ్చాయి, మడ్డి కూడా వచ్చింది. కొత్త ఫిల్టరు సీటు కింద అట్టపెట్టెలోనే ఉంది. అప్పుడే బిగించాల్సింది. బిగించలేదు. పాతదాన్నే డీజిల్లో జాడించి మళ్లీ పెట్టాను. కొత్త పంచె పెట్టెలో దాచి, చినిగిన పంచెతో తిరిగే జాతి మాది. ఆ తప్పు నాదే. ఎవరి మీదా పెట్టను.

ఆ రోజు రెండో ట్రిప్పు. ఒంటిగంటా నలభై. ఎండ మాడుస్తోంది. పేరేసంద్ర దాటాను. బాగేపల్లి ఆస్పత్రి నర్సు ఫోను చేసింది.

"అప్పా, యాడుండారు?"

"పేరేసంద్ర దాటినా సిస్టరమ్మా."

"మూడో బెడ్డు సిలిండరు మీటరు ముల్లు ఎర్రగీత తాకతాండాది. అరగంటకు మించి రాదు. మార్చేదానికి ఇంగొగటి లేదు."

"వస్తాండా" అన్నాను. రెండు నిమిషాలకు బండి ఎత్తు ఎక్కుతూ దగ్గింది, ఊగింది, ఆగిపోయింది.

బానెట్ ఎత్తాను. పాత ఫిల్టరు లాగి పారేశాను. కొత్తదాంట్లో డబ్బాలోని డీజిల్ నింపి బిగించాను. గాలి పోయే స్క్రూ వదిలి, చేతిపంపు కొట్టాను. నురగ వచ్చింది. ఇంకా నురగే. తిట్టుకుంటూ కొట్టాను. ధార తేటగా, బుడగ లేకుండా వచ్చేసరికి డీజిల్ మోచేతుల దాకా కారింది, చొక్కా ముందంతా తడిసింది. పద్నాలుగు నిమిషాలు. సీసాలో గుక్కెడు నీళ్లున్నాయి. వాటితో ఏం కడగను?

రెండూ పదహారుకు ఆస్పత్రి గేటులో ఉన్నాను. వాచ్‌మన్ ట్రాలీ తెచ్చి సిలిండరు దించుకున్నాడు, మూడో బెడ్డు దాకా తోసుకెళ్లి వదిలి బయటికి వచ్చేశాడు.

"బిగించు" అన్నాను.

"నేను ముట్టనప్పా. పేలుతాదని నువ్వే చెప్తివి కదా."

సిలిండర్లు మార్చే వార్డు మనిషి పొద్దుటి నుంచి జ్వరంతో అయిదో బెడ్డులో ఉన్నాడు. నర్సు మొదటి బెడ్డు దగ్గర ఒకాయనకు చేత్తో గాలి పంపు నొక్కుతోంది. "నా చెయ్యి తీసేదానికి లేదప్పా. ఫ్లో తగ్గించి నెట్టుకొస్తాండా. బిరీన చూడండి" అంది.

గ్లౌజులు వేసుకోవచ్చు కదా అంటారు మీరు. డీజిల్ చేతులతో గ్లౌజు లాక్కుంటే గ్లౌజుకూ డీజిలే. చొక్కా నిండా డీజిలే, మార్చుకోడానికి ఇంకోటి లేదు. నేను వార్డు గడప దాటలేదు.

మూడో బెడ్డులో ఉన్నది బట్టల అంగడి సెట్టిగారి భార్య. ఆయన బయట బెంచీ మీద ఉన్నాడు. అరవై దాటిన మనిషి. గుడ్డ కొలవడం తప్ప బరువైన పని ఎరుగని చేతులు.

"సెట్టిగారూ, మీరే బిగించాల. నేను చెప్తా, మీరు చెయ్యండి."

"నాకేం తెలుసు నాయనా. నువ్వే తిప్పు."

"నేను ముట్టుకుంటే మంట లేస్తాది. చేతులు చూపించండి."

చూపించాడు. అరచేతులు మెరుస్తున్నాయి.

"ఏం పూసినారు?"

"ఆముదం. ఒళ్లు కాలిపోతాండాదని ఆమె అరికాళ్లకు రుద్దినా."

ఆముదం కూడా నూనే. ఆయన్ను కొళాయి దగ్గరికి పొమ్మన్నాను. సబ్బుపొడి, గుప్పెడు ఇసుక. "మోచేతుల దాకా. మళ్లీ. ఇంగోసారి." కొత్త సిపాయిని అరిచినట్టు అరిచాను ఆ పెద్దమనిషిని. శుభ్రమైన గుడ్డతో తుడిపించాను. "చేతులు పైకెత్తి పట్టుకోండి. నేను చెప్పిందాకా దేన్నీ ముట్టొద్దు. మనిషిని కూడా."

ఆయన రెండు చేతులూ పైకెత్తుకుని లోపలికి వెళ్లాడు. ఆమె కళ్లు తెరిచి చూసింది. రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. చెయ్యి చాచింది, ఆయన చెయ్యి పట్టుకోవాలని. ఆయన నా వైపు తిరిగి చూశాడు. ఆమె ఒంటికి ఆముదం అంటి ఉంటుంది. వద్దని తల అడ్డంగా ఊపాను. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పాతది మూసెయ్యండి. మీటరు ఊడదియ్యండి. కొత్తదాని క్యాపు తియ్యండి. సిలిండరు తాళంచెవి పెట్టి రవ్వంత తెరిచి, నోట్లో దుమ్ము పోయినాక మూసెయ్యండి."

బుస్సుమంది. ఆయన ఉలిక్కిపడ్డాడు, కానీ తాళంచెవి వదల్లేదు.

"మీటరు బిగించండి. ఇప్పుడు తాళంచెవి తిప్పండి, నిదానంగా. నిదానంగా సెట్టిగారూ."

ముల్లు లేచింది. రెండూ ఇరవై ఏడు. కాసేపటికి ఆమె ఊపిరి కుదురుకుంది, కళ్లు మూతపడ్డాయి. సెట్టిగారు ఇంకా చేతులు ఎత్తుకునే నిలబడి ఉన్నాడు. నర్సు ఆయన్ను బయటికి పొమ్మంది.

సాయంత్రం చిక్కబళ్లాపురలో బెడ్డు దొరికింది. అంబులెన్సులో తీసుకుపోయారు. అక్కడ ఇంటివాళ్లను లోపలికి రానివ్వలేదు. నాలుగో రోజు ఆమె పోయింది. మూటకట్టి ఇచ్చారు. ముఖం కూడా సరిగా చూపించలేదట.

నేను ఇంకో పదిహేను రోజులు సిలిండర్లు మోశాను. ఇరవై ఆరో రోజు చాలన్నారు. మండికల్‌కు వచ్చేదారిలో సెట్టిగారి ఇంటి ముందు ఆగాను. క్షమించమని అడిగాను. ఫిల్టరు సంగతి కూడా దాచకుండా చెప్పాను.

ఆయన చివరిదాకా విన్నాడు. తర్వాత అన్నాడు. "నువ్వు చెప్పింది న్యాయమే నాయనా. ఇంగో మూడు దినాలు బతికింది. కానీ నేను ఎందుకు చెయ్యి ఇయ్యలేదో ఆమెకు తెలీదు కదా. అలిగి పోయింటాది."

నేను బండెక్కి ఇంటికి వచ్చేశాను. కాల్పులు చూశాను, మంచులో దొరికిన శవాలను మోశాను. అవి ఇప్పుడు కలల్లోకి రావడం లేదు. వచ్చేది ఆ చెయ్యే. నాలుగు గాజులు, మోచేతి దాకా జారి, మంచం పక్కన గాలిలో అలాగే చాచి ఉంటుంది.