టార్గెట్ సారు

సబ్బుల కంపెనీ సారు నెలాఖరున మా కిరాణా కొట్టుకొచ్చి, ఒక కన్ను మూసి, పప్పుల అర వైపు పెన్ను గురిపెట్టి "టార్గెట్" అనేవాడు. అమ్ముడుపోని సబ్బు పెట్టెలు మాకు అంటగడతాడని దానర్థం. అవి దింపుకుంటేనే అడిగిన సరుకిచ్చేవాడు.

"కందిపప్పు సబ్బు వాసనేస్తంది బాబూ, బేరాలు పోతన్నాయి," అని నాన్న మొత్తుకున్నా వినలేదు.

రిటైరయ్యాక ఆయన గాజువాకలో కాఫీపొడి కొట్టు పెట్టాడు. నేనప్పటికి పాలడబ్బాలు, అగరొత్తులు సరఫరా చేస్తున్నాను. వెళ్లి, ఒక కన్ను మూసి, కాఫీపొడి పక్కకి పెన్ను గురిపెట్టాను.

"ఇక్కడొద్దయ్యా, పొడికి వాసన పట్టేస్తాది."

"టార్గెట్ సార్. అగరొత్తులు దింపుకుంటేనే పాలడబ్బాలు."

దింపుకున్నాడు.

మరుసటి నెల ఆయన దగ్గరే కాఫీపొడి కొన్నాను. పుట్టి బుద్ధెరిగాక బేరమాడకుండా నేను కొన్నది అదొక్కటే. సంగతంతా చెప్పి, ఆ అగరొత్తుల కాఫీ నాన్నకిచ్చాను. ముక్కు మూసుకుని తాగి, గ్లాసు మళ్లీ చాపాడు.

"ఇంకొంచెం పొయ్రా."