ఆతియా ఆఖరి ఫైనల్

ఇల్లందులో, బల్లమీద బంతుల్ని కర్రతో గుంటల్లోకి కొట్టే పూల్ ఆట హాలు నడిపే ఆతియాకు ముప్పై ఆరేళ్లు. పదిహేనేళ్లుగా పోటీ ఆటే ఆమె బతుకు. కర్ర కొసకు సుద్ద రాసేటప్పుడు పెదవులు బిగిస్తుంది, గురి చూసేటప్పుడు గడ్డాన్ని కర్రకు ఆనిస్తుంది. జూలూరుపాడు రైతుబిడ్డ దుర్గకు ఆట నేర్పింది ఆమే. దెబ్బ ఎటు కొట్టాలో తోచనప్పుడల్లా దుర్గ తలెత్తి చూసేది, ఆతియా వేలితో చోటు చూపేది.

2007లో ఖమ్మంలో జరిగిన రాష్ట్ర జట్టు ఎంపికలో ఒక్క చోటే మిగిలింది. దానికోసం ఫైనల్లో ఎదురుపడింది ఈ ఇద్దరే. ఈసారి తప్పితే తననిక ఎవరూ పిలవరని ఆతియాకు తెలుసు. ఆట చివరి బంతి దాకా వచ్చింది. వంతు దుర్గది; అది గుంటలో పడితే గెలుపూ ఆమెదే. బంతి టేబులు అంచుకు అంటుకుని ఉంది. దుర్గ అలవాటుగా తలెత్తింది. ఆతియా వేలు దానంతటదే లేచింది. చటుక్కున ఆ చేతిని రెండో చేత్తో నొక్కిపట్టి, ఆమె గోడవైపు తిరిగింది. వెనక బంతి గుంటలో పడిన చప్పుడు, ఆ వెంటనే చప్పట్లు వినిపించాయి.

దుర్గ కళ్లనీళ్లతో వచ్చింది. "నా దిక్కు ఎందుకు చూడలేదక్కా? కోపమొచ్చిందా?"

"కోపమేంది పిల్లా," అంది ఆతియా, ఇంకా చెయ్యి వదలకుండానే. "చూస్తే చెప్పేస్తుంటి."