పన్నెండో బ్లాకు

2022 వేసవి. కర్నూలు పారిశ్రామికవాడలోని ఒక చిన్న మెషిన్‌షాపులో నేను ప్రోగ్రామర్‌ని. కంప్యూటర్ ఆదేశాలతో ఇనుము కోసే సి.ఎన్.సి. మిషన్ ఏ టూల్‌తో, ఎంత లోతుకు, ఎంత వేగంతో కోయాలో వరసగా రాసివ్వడం నా పని. ఆ తర్వాత అది తలుపు మూసుకుని తన పని తాను చేసుకుపోతుంది. లోపల వేడి తగ్గించే కూలెంట్ నీళ్ళు చిమ్ముతుంటాయి కాబట్టి ఏం జరుగుతోందో కంటికి సరిగా కనపడదు.

ఆ రోజుల్లో బోర్లు వేసే రిగ్గులకు వాల్వ్ బ్లాకులు చేస్తున్నాం. చూడటానికి ఇటుకంత ఇనుప దిమ్మ. దాని లోపల సన్నటి రంధ్రాలు ఒకదాన్నొకటి కలుస్తాయి. వాటిలో ఒత్తిడితో పారే నూనే బోరులోని రాడ్ల బరువంతా పైకి లాగి పట్టుకుంటుంది.

ఆ రంధ్రాల్లో అన్నిటికంటే లోతైనదాన్ని ఐదు మిల్లీమీటర్ల డ్రిల్లుతో వేయాలి. అంత సన్నటి డ్రిల్లు విరగడం మామూలే. అందుకే ప్రోగ్రాంలో ‘టూల్ బ్రేక్ చెక్’ పెడతాం. రంధ్రం అయ్యాక డ్రిల్లు వెళ్ళి, మిషన్ లోపలి బల్ల మీదున్న గుండీలాంటి సెన్సర్‌ను మొనతో తాకాలి. తాకకపోతే విరిగినట్టు, మిషన్ ఆగి అలారం కొడుతుంది. మొనకు కోతలో రాలే ఇనుప రజను చుట్టుకుని ముందే తాకినా అలారమే. మా బాధ ఈ రెండోదానితో.

మా ఆపరేటర్ మహబూబ్ బాషా నాకంటే పెద్దవాడు, చేతిలో పనున్నవాడు. ఒకరోజు విసిగిపోయి నా టేబుల్ దగ్గరకొచ్చాడు.

“మేడమ్, అది ఊరికూరికే అరుస్తాండాది. పోయి చూస్తే డ్రిల్లు బాగనే ఉండాది. నేను పని చేయాల్నా, దాని నోరు మూయాల్నా?”

రజను ఎందుకు చుట్టుకుంటోందో నేను చూడాల్సింది. చూడలేదు. చెక్ చేసే లైను ముందు ఒక స్లాష్ గీత పెట్టి, పానెల్ మీద ‘బ్లాక్ స్కిప్’ నొక్కాను. గీతున్న లైనును మిషన్ వదిలేసి ముందుకు పోతుంది. “నువ్వే కంటితో చూసుకో అన్నా” అన్నాను. అలారం ఆగిపోయింది.

వారం తర్వాత ఒక గురువారం ఉదయం మహబూబ్ అరచేతిలో ఆ డ్రిల్లు పెట్టుకుని వచ్చాడు. ముఖంలో రక్తం లేదు.

“మొన లేదు మేడమ్.”

గోరంత ముక్క పోయింది. మంగళవారం ఆ డ్రిల్లుతో పన్నెండు బ్లాకులు చేశాం, బుధవారం మిషన్ మీద వేరే పని నడిచింది. పన్నెండూ కడిగి, మంగళవారం సాయంత్రమే కర్నూలులో రిగ్గులు బాగుచేసే ఈరన్న షెడ్డుకు పంపేశాం. డ్రిల్లు చివరి బ్లాకులోనే విరిగి ఉండాలి. అంతకుముందే విరిగితే తర్వాతి బ్లాకులో రంధ్రమే పడదు. కానీ కడిగేటప్పుడు అన్నీ కలిసిపోయాయి. చివరిది ఏదో చెప్పే గుర్తు లేదు.

ముక్క రంధ్రంలో ఇరుక్కుంటే నూనె పక్క సందుల్లోంచి పారుతూనే ఉంటుంది. రిగ్గు పనిచేస్తూనే ఉంటుంది. ఎప్పుడో ఆ ముక్క కదిలి వాల్వులో అడ్డం పడితే, పైకెత్తిన రాడ్లు కింద మనుషులుండగానే జారతాయి.

మహబూబ్‌ను మిషన్‌లోంచి తీసి యార్డులో పోసిన రజను కుప్ప వెతకమని చెప్పి, రంధ్రం లోతు చూసే సన్నటి గేజ్ పిన్ను తీసుకుని స్కూటర్ మీద ఈరన్న షెడ్డుకు పోయాను. అక్కడ పదకొండు బ్లాకులే ఉన్నాయి. ఒక్కొక్క దాంట్లోకీ పిన్ను దించాను. ప్రతిసారీ చివరిదాకా దిగింది. అంటే ముక్క ఇక్కడ లేనిదానిలోనే ఉండాలి.

“పన్నెండోది యాడుంది అన్నా?”

“నిన్ననే మద్దిలేటి రిగ్గుకు బిగించినా. కోడుమూరు కాడ బోరేస్తాండాడు. ఏమైందమ్మా?”

చెప్పాను. ఈరన్న మద్దిలేటికి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాడు. రిగ్గు పక్కన నిలబడ్డవాడికి ఫోన్ వినపడదు. ఈరన్న జీపెక్కాం. దారి పొడుగునా నేను ఆ నంబరు నొక్కుతూనే ఉన్నాను. వేడిగాలికి పెదవులు పగిలాయి; నీళ్ళ సీసా ఒళ్ళోనే ఉన్నా తాగాలని తోచలేదు.

చేలో తెల్లటి దుమ్ము లేస్తోంది. రాడ్ల కింద ఇద్దరు పనివాళ్ళు వంగి ఉన్నారు. నేను చేతులూపుకుంటూ పరిగెత్తాను. మద్దిలేటి ఇంజన్ తగ్గించి విసుక్కున్నాడు.

“నడిమధ్యలో నిలపమంటే ఎట్లమ్మా? రాయి దాటినాం. ఇప్పుడు నిలిపితే రాడ్లు ఇరుక్కుంటాయి.”

“నీ వాల్వులో విరిగిన డ్రిల్లు ముక్క ఉండొచ్చు. తప్పు నాది. కనిపెట్టే లైను నేనే తీసేశాను.”

అతను వెంటనే పనివాళ్ళ మీద అరిచాడు. “దూరం పోండప్పా! ఇంకా దూరం!”

బ్లాకు విప్పాలంటే ముందు రాడ్లు కొంచెం పైకి లాగి, కింద ఇనుప పట్టు వేయాలి. అంటే ఏ వాల్వును అనుమానిస్తున్నామో దాన్నే ఇంకోసారి నమ్మాలి. మద్దిలేటి ఒక్కడే లివర్ పట్టుకున్నాడు. రాడ్లు కదిలాయి. అర నిమిషం పాటు పైకి లేచి ఆగాయి. ఈరన్న వంగి పట్టు బిగించాడు.

బ్లాకు విప్పి పిన్ను దించాను. చివరిదాకా దిగింది.

ముక్క లేదు. లేదంటే, ముందే కదిలి ఎక్కడికో పోయిందా? ఈరన్న వాల్వు విప్పాడు, గొట్టాలు విప్పాడు, ఫిల్టర్ విప్పి గుడ్డ మీద దులిపాడు. ఏమీ రాలలేదు.

చేను యజమాని నాగమ్మ అంతసేపూ గట్టు మీద నిలబడే ఉంది. అది వాళ్ళకు మూడో బోరట. దగ్గరకొచ్చి అడిగింది.

“దొరికిందా?”

“లేదమ్మా.”

“లేదంటే మంచిదా, చెడ్డదా?”

“తెలియదమ్మా” అన్నాను. ఆమె తిరిగి గట్టు మీదికి పోయి నిలబడింది. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

మూడు దాటాక నా ఫోన్ మోగింది. మహబూబ్.

“దొరికింది మేడమ్! రజనులో ఉండాది. కుప్పంతా చేత్తోనే కెలికినా. డ్రిల్లుకు ఆనించి చూసినా, సరిగ్గా అతుక్కుంటాంది. ఫోటో పంపుతాండా చూడండి.”

ఫోటోలో అతని వేళ్ళు కోసుకుపోయి ఉన్నాయి. రెండు ముక్కల మధ్య వెంట్రుకంత గీత తప్ప తేడా లేదు. డ్రిల్లు రంధ్రంలోంచి బయటికొస్తూ విరిగింది, కింద పడ్డ మొన కూలెంట్ నీళ్ళతో రజనులోకి కొట్టుకుపోయింది. పన్నెండు బ్లాకులూ మొదటినుంచీ మంచివే.

రాడ్లు నిజంగానే ఇరుక్కున్నాయి. వాటిని కదిలించడానికి మద్దిలేటికి చీకటి పడేదాకా పట్టింది. మర్నాడు రెండించుల నీళ్ళు పడ్డాయని ఈరన్న చెప్పాడు. పడకపోయి ఉంటే నాగమ్మకు నేనేం చెప్పేదాన్నో ఇప్పటికీ తెలియదు.

శుక్రవారం నేనూ మహబూబూ మిషన్ ముందు కూర్చున్నాం. కూలెంట్ గొట్టం మూతి పక్కకు తిరిగి ఉంది. నీళ్ళు డ్రిల్లు మొన మీద పడటం లేదు, అందుకే రజను చుట్టుకుంటోంది. సరిచేయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. గీత తీసేశాను. ఆ రోజంతా ఒక్క తప్పుడు అలారం రాలేదు.

విరిగిన డ్రిల్లుతో మిషన్ నడవకుండా ఆపడానికే ఆ చెక్ ఉందని అంతవరకూ అనుకునేదాన్ని. విరిగిందని అప్పుడే తెలిస్తే, ముక్క ఇంకా తలుపు వెనకే, చేయి చాచినంత దూరంలో ఉంటుంది. రెండు రోజులు ఆలస్యమైతే అది పన్నెండు బ్లాకుల్లో దేనిలోనైనా ఉండొచ్చు, ఎవరి నెత్తి మీదైనా ఉండొచ్చు. డ్రిల్లు ఇప్పటికీ విరుగుతూనే ఉంటుంది. అలారం మోగితే మహబూబ్ తలుపు తీసి, ముక్క చేతికి దొరికాకే తర్వాతి బ్లాకు బిగిస్తాడు.