అత్తమ్మ వీపుకు కుసుమ నూనె

మా అత్తమ్మ మంచాన పడ్డ మొదటి రెండేళ్లలో ఆమె ఒంటి మీద ఒక్క పుండు లేవలేదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ముందు ఆమెను చూసి, తర్వాత నన్ను చూసి, “నీ చేతుల ఏమున్నదో గని, పసిపిల్ల ఒళ్లు లెక్కనే ఉన్నది” అనేవాళ్లు. మొదట్లో ఆ మాటకు పొంగిపోయాను. పోనుపోను ఆ మాట వింటేనే అరికాలి మంట నెత్తికెక్కేది. నూనె ఆమెకు, మంట నాకు.

మాది తాండూరు. అంతకుముందు నేను పొద్దున్నే రైలెక్కి వికారాబాద్ పోయి ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. అత్తమ్మ స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నప్పుడు రెండు నెలలు సెలవు పెట్టాను. ఎముక అతుక్కుంది గానీ కాళ్లలోకి బలం రాలేదు. రెండు నెలలు రెండేళ్లయ్యాయి. నేనెక్కాల్సిన రైలు కూత మా వంటింట్లోకి స్పష్టంగా వినిపిస్తుంది. అది కూసిందంటే అత్తమ్మను పక్కకు తిప్పే వేళయిందని లెక్క.

నా సైన్సంతా వచ్చి ఒక కుసుమ నూనె సీసాలో కూర్చుంది. కుసుమ నూనె పల్చన. జిడ్డుగా అంటుకోదు, వాసన దాదాపు ఉండదు, దుప్పట్లను పాడుచెయ్యదు. గోరువెచ్చని నీళ్లతో ఒళ్లు తుడిచి, చర్మం కాస్త తడిగా ఉండగానే నాలుగు చుక్కలు అరచేతుల్లో రుద్దుకుని వీపుకు, మోచేతులకు, మడమలకు పట్టించాలి. వయసు మళ్లిన చర్మం ఉల్లిపొరలా ఉంటుంది, గట్టిగా రుద్దకూడదు. ఎర్రబడ్డ చోటును అసలు ముట్టుకోకూడదు. మొదటి నెలలో ఇంటికొచ్చిన నర్సమ్మ ఇవన్నీ నేర్పి, “నూనె చర్మం ఎండిపోకుండా చూస్తది, అంతే. రెండు గంటలకోసారి పక్క మార్చుడే అసలు మందు” అని చెప్పింది. మెచ్చుకునేవాళ్లకు నూనె కనిపించేది. రెండేసి గంటలుగా ముక్కలైన నా రోజు కనిపించేది కాదు.

ఆ నూనె మా చేనుదే. కొడంగల్ రోడ్డు మీది మా శనగ చేను చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ వేస్తాం. ఒళ్లంతా ముళ్లే కాబట్టి పశువులు దాన్ని దాటి లోపలికి రావు. కోత తెల్లవారుజామునే, మంచుకు ముళ్లు కాస్త మెత్తబడతాయి. అత్తమ్మ ఏళ్ల తరబడి చేతులకు పాత గుడ్డలు చుట్టుకుని ఆ కోత కోసింది. గింజలు గానుగాడించాక మొదటి నూనె కూరలోకి కాదు, ఆమె చేతులకే. “పొడిచిన చెట్టుతోనే రాపిచ్చుకున్న బిడ్డా” అని నవ్వేది. నా ఎదుట అంత మనసారా నవ్వే మనిషి మరొకరు లేరు. అదే నాకు చిక్కు. ఆమె గయ్యాళి అయితే ఎప్పుడో తెగించి ఉండేదాన్ని.

మా ఆడబిడ్డది వికారాబాద్. కింది అంతస్తు ఇల్లు, మెట్లెక్కే పని లేదు, మనిషి మంచిదే. ఫోనులో తల్లి వీపు చూపించమనేది, చూసి, “వదినె, నీ చేతులల్ల ఉంటే నాకు అమ్మ ఫికరే లేదు” అనేది. ఆమెకు ఫికర్ లేకుండా చేసిందెవరు? నేనే. అంత బాగా చూసుకోకపోతే ఎవరో ఒకరు వంతుకు వచ్చేవారేమో. నా పనితనమే నా కాళ్లకు బంధమైంది.

మే నెలాఖరులో మా బడి పెద్ద టీచరు ఫోన్ చేసింది. “జూన్‌ల రాకుంటే వేరేవాళ్లను తీసుకుంటం, ఇంక ఆపలేను” అంది. అమ్మను కొన్నాళ్లు వికారాబాద్ పంపుదామని మా ఆయనతో అన్నాను. పని నుంచి వచ్చి నాపరాళ్ల పాలిష్ దుమ్ము కడుక్కుంటూ, “అమ్మ నీ చెయ్యికి అలవాటైంది గదా” అన్నాడు. కోపంగా అని ఉంటే పోట్లాడేదాన్ని. మెచ్చుకోలుగా అన్నాడు.

ఇప్పుడు చెప్పేది ఎవరికీ చెప్పలేదు. మర్నాడు నూనె సీసాను తీసి అటక మీద పెట్టాను. మధ్యాహ్నం పక్క మార్చడం మానేశాను. ఒక పుండు లేస్తే చాలు, నా ఒక్కదానితో అయ్యే పని కాదని అందరికీ తెలుస్తుందనుకున్నాను. అత్తమ్మ నూనె ఏదని అడగలేదు. తిప్పమనీ అడగలేదు. రెండో రోజు దుప్పటి అంచు పిడికిట్లో పట్టుకుని పడుకుంది. చూశాను. చూసి వంటింట్లోకి వచ్చేశాను.

అయిదో రోజు పొద్దున ఆమె తుంటి మీద అరచేయంత ఎరుపు, దాని మధ్య రూపాయి బిళ్లంత చోట చర్మం లేచిపోయి ఉంది. సిగ్గుపడాల్సింది పోయి, ఒక్క క్షణం నాకు సంతోషమైంది. ఆ క్షణాన్ని నేను ఈ రోజుకీ క్షమించుకోలేదు. వెంటనే ఆడబిడ్డకు ఫోన్ చేసి రమ్మన్నాను.

మధ్యాహ్నం బండికి వచ్చింది. తల్లిని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “వదినె, గిదేంది?”

‘నా ఒక్కదానితో కాదు, నువ్వు తీస్కపో’ అన్న మాట నాలుక చివరన సిద్ధంగా ఉంది. ఈలోపు మంచం మీంచి అత్తమ్మ అందుకుంది.

“దాన్నేమనకు. నేనే వద్దన్న. నూనె వాసనొస్తున్నదని నాల్గు దినాల సంది కొట్లాడిన. తిప్పితే నొస్తున్నదని తిట్టిన.”

ఆ నూనెకు వాసన ఉండదని మా ఇంట్లో ఆమె కన్నా తెలిసినవాళ్లు లేరు.

ఆడబిడ్డ తల్లిని చీవాట్లు పెట్టింది. పోతూ పోతూ గడపలో నా చేతులు రెండూ పట్టుకుని, “నువ్వు లేకుంటే అమ్మ ఏమైతుండెనో” అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో ఆమెకు తెలిసే వీల్లేదు. సాయంత్రం బండికి ఆమె వెళ్లిపోయింది.

అటక మీంచి సీసా దించి గదిలోకి వెళ్లాను. అత్తమ్మ నా మొహం చూడకుండా అడిగింది.

“బడి ఎప్పుడు తెరుస్తరు బిడ్డా?”

“వచ్చే సోమారం.”

“నా బిడ్డ మంచిదే. గని దాని ఇంట్ల నాకు భయమైతది” అంది. తర్వాత గోడ వైపు మొహం తిప్పుకుని, రాయమన్నట్టు వీపు నాకు వదిలేసింది. ఆమె కాపాడింది నన్నో, తననో, ఆలోచించే ఓపిక నాకు లేదు. అంతా తెలిసి అడ్డుపడిన మనిషిని పట్టుకుని వికారాబాద్ పంపమని ఇంకే నోటితో అడగను?

పుండు మీద నర్సమ్మ కట్టు కట్టింది. చుట్టూ మంచి చర్మానికి నేను నూనె పెట్టాను, రెండేసి గంటలకు మళ్లీ తిప్పాను. మూడు వారాల్లో మానింది. అప్పటికి బడి తెరిచారు, నా చోట వేరే టీచరు వచ్చింది. ఆడబిడ్డ ఫోనులో తుంటి చూపించమంది. చూపించాను. వెతికి వెతికి, “మచ్చ గూడ లేదు వదినె” అంది.